ఎంఏ ఎకనామిక్స్ అయ్యాక అప్లైడ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలంటే ఏమేం కావాలి?

మన దేశంలోనైతే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనలు చూడాలి. పీజీలో 55 శాతం ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా చేరాలంటే 75. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) రాకపోయినా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొస్తుంది: స్కోరుకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ.

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్. అసలు టెన్షన్ ఇక్కడే. అప్లైడ్ అంటే లెక్కలు తక్కువనుకుంటారు గానీ, దీనికి ఎకనామెట్రిక్సే (ఆర్థిక ప్రశ్నలను గణాంకాలతో తేల్చే పద్ధతులు) ప్రాణం. ఉపాధి హామీ వల్ల ఊళ్లో కూలి రేట్లు పెరిగాయా అన్నది మీ ప్రశ్న అనుకోండి. ఆ పథకం లేకపోయినా పెరిగేవేమో కదా? ఆ రెండింటినీ డేటాతో విడదీసి చూపించాలి. అందుకే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్లయిన స్టాటా (Stata) గానీ, ఉచితంగా దొరికే ఆర్ (R) గానీ ఇప్పుడే మొదలుపెట్టండి. పీహెచ్‌డీకి మొత్తం గడువు మూడు నుంచి ఆరేళ్లు.