అనంతపురం జనాభా 2.6 లక్షలా, 3.4 లక్షలా?

రెండూ సరైనవే. 2011 జనగణన పట్టికల్లో అనంతపురం రెండు చోట్ల కనబడుతుంది. మునిసిపల్ కార్పొరేషన్‌గా చూస్తే 2 లక్షల 60 వేల పైచిలుకు, అర్బన్ అగ్లోమరేషన్‌గా, అంటే టౌనునూ దాన్ని తగులుకున్న ఊళ్లనూ కలిపి చూస్తే 3 లక్షల 40 వేల పైచిలుకు. మన ఊరి మీద ప్రాజెక్టు రాసేవాళ్లు, అందులో ఏ అంకె వేసుకోవాలి, మన సీమలో ఒక్క మెట్రోపాలిటన్ నగరం కూడా ఎందుకు లేదు అని అడిగారు. నేను బడిపంతులుని. 2011లో ఎన్యూమరేటర్‌గా (ఇంటింటికీ తిరిగి జనగణన ఫారాలు నింపేవాడిగా) పనిచేశాను, కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను.

ఆ 80 వేల తేడా ఎక్కడిదంటే, చుట్టూ ఉన్న పాపంపేట, కక్కలపల్లె, నారాయణపురం లాంటి చోట్లది. మా ఇల్లు పాపంపేటలోనే. టవర్ క్లాక్ దగ్గర ఆటో ఎక్కితే టౌను ఎక్కడ అయిపోయిందో, పాపంపేట ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లు కనిపెట్టలేరు. కానీ అప్పటికి మాది పంచాయతీ. ఇంటిపన్ను పంచాయతీకే, ఓటు సర్పంచ్‌కే. జనగణన వాళ్లు మాత్రం మమ్మల్ని 'సెన్సస్ టౌన్' అని రాసుకున్నారు. దానికి మూడు షరతులు: జనాభా కనీసం 5 వేలు, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, మగ ప్రధాన కార్మికుల్లో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. ఇలా పట్టణమైనంత మాత్రాన మునిసిపాలిటీ రాదు, కమిషనరూ రాడు. లెక్కకు పట్టణం, ఉపాధి హామీకి పల్లె.

ఆ మూడో షరతు చదవడానికి తేలిక, ఫారంలో నింపేటప్పుడు తెలుస్తుంది. ఒకాయన్ని 'ఏం పని చేస్తావ్ పెద్దాయనా' అని అడిగితే, 'వానొస్తే సేద్యం, రాకుంటే బేల్దారి. ఏం రాసుకుంటావో రాసుకో సామీ' అన్నాడు. బేల్దారి అంటే తాపీ పని. రూలు ప్రకారం ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని ఉంటే ప్రధాన కార్మికుడు. అందులోనూ ఏ పనిలో ఎక్కువ రోజులు గడిస్తే అదే రాయాలి. మన మెట్ట భూముల్లో చెనక్కాయ పంట ఎన్నాళ్లుంటుంది? కూర్చుని నెలలు లెక్కపెడితే ఆయన బేల్దారే అయ్యాడు. ఆయన భార్య ఆ సీజనంతా చెనక్కాయలు పెరకడానికి పోతుంది, కానీ 75 శాతం లెక్కలో ఆడవాళ్లు అసలు లేరు. ఆ షరతు మగవాళ్లకే ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంకో తమాషా. మేం ఫారాలు పట్టుకుని బయల్దేరక ముందే మా బ్లాకు (నాకు అప్పగించిన ఇళ్ల పరిధి) పట్టణమని తేలిపోయి ఉంది. 2011 సెన్సస్ టౌన్ల జాబితా 2001 లెక్కలు చూసి ముందే తయారు చేశారు. అప్పటికి 4 వేలు దాటిన ఊళ్లు పదేళ్లలో 5 వేలకు చేరతాయనే అంచనాతో. ఆ పెద్దాయన బేల్దారి పని లెక్కకొచ్చేది ఆ తర్వాతి జాబితాకే.

అర్బన్ అగ్లోమరేషన్ అంటే ఇలా ఒకదానికొకటి తగులుకుని ఉన్న పట్టణాలు, వాటి అంచున పెరిగిన కాలనీలు అన్నీ కలిపి ఒక ముద్ద. అందులో చట్టబద్ధమైన పట్టణం ఒకటైనా ఉండాలి, మొత్తం 20 వేలకు తగ్గకూడదు. అంటే మన దగ్గర చూసేది ఇళ్లు తగులుకున్నాయా లేదా అన్నదే. రాప్తాడు నుంచి రోజూ అనంతపురం వచ్చి పనిచేసుకుని పోయేవాళ్లు ఎంతమంది ఉన్నా, మధ్యలో చేలుంటే కలవదు.

అమెరికాలో పద్ధతి వేరు. 50 వేల జనాభా ఉన్న పట్టణ ప్రాంతం ఒకటుంటే దాని కౌంటీని (మన జిల్లా లాంటిది) మొత్తం తీసుకుంటారు. పక్క కౌంటీలో పనిచేసేవాళ్లలో కనీసం 25 శాతం రోజూ అటూ ఇటూ పనికి తిరుగుతుంటే దాన్నీ కలుపుతారు. ఐరోపాలో 15 శాతమే చాలు. ఆ 50 వేల కొలత పెడితే అనంతపురమే కాదు, గుంతకల్లు, ప్రొద్దుటూరు కూడా మెట్రోలే! అయితే కౌంటీని ముక్క చెయ్యరు కాబట్టి ఎడారులు కూడా నగరంలోకి వచ్చేస్తాయి. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది, ఎక్కువ భాగం ఎడారి. అదంతా మెట్రోపాలిటన్ ప్రాంతమే.

మన దగ్గర ఆ రాకపోకల లెక్క అడగలేదని కాదు. 2011 ఫారంలోనే పనికి ఎంత దూరం పోతారు, దేంట్లో పోతారు అని మేం అడిగి రాశాం, సేద్యం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్లను మాత్రమే. పట్టికలు కూడా వచ్చాయి. నగరం గీత గియ్యడానికి మాత్రం వాటిని వాడరు. నన్నడిగితే వాడాలి.

మెట్రోపాలిటన్ అనే మాటకు మన రాజ్యాంగంలోనే నిర్వచనం ఉంది, 1992 నాటి 74వ సవరణలో. జనాభా 10 లక్షలు, అంతకు పైన ఉండాలి, రెండు లేదా ఎక్కువ మునిసిపాలిటీలో పంచాయతీలో కలిసి ఉండాలి, గవర్నర్ నోటిఫై చెయ్యాలి. జనగణన వాళ్లు విడిగా 10 లక్షలు దాటినవాటి జాబితా వేస్తారు. 2011లో దేశం మొత్తం మీద 53. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడ, అంతే. సీమలో పెద్దదైన కర్నూలు చుట్టుపక్కలతో కలిపి 4 లక్షల 80 వేల దగ్గర ఆగింది. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యానికి 5 లక్షల గీత ఉంది. అది దాటిన నెల్లూరు పై మెట్టు (వై కేటగిరీ), దాటని కర్నూలు కింది మెట్టు (జెడ్).

ప్రాజెక్టు సంగతి. కార్పొరేషన్ నీళ్లు, చెత్త, పన్నుల గురించైతే కార్పొరేషన్ అంకె వేసుకోండి. ఊరు ఎంత పెరిగిందో చూపాలంటే రెండు జనగణనలకూ అగ్లోమరేషన్ అంకెలే వాడండి. కడపనే చూడండి. మునిసిపాలిటీగా 2001లో లక్షా పాతిక వేల చిల్లర, కార్పొరేషన్‌గా 2011లో 3 లక్షల 40 వేల పైన. చిన్నచౌకు లాంటివి మధ్యలో కలిశాయి. అగ్లోమరేషన్ లెక్కలో 2001కే కడప 2 లక్షల 60 వేలు దాటి ఉంది. ఇక అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి అని ఎవరైనా అంకె ఇస్తే దాన్ని నగర జనాభా అనుకోవద్దు, అందులో ఎన్నో మండలాల పల్లెలు కూడా ఉన్నాయి.