ఎర్ర అక్షరాల మంత్రగత్తె

పోయిన సంచికలో జపాన్ విజువల్ నావెల్ ‘ఉమినేకో నో నాకు కోరో ని’ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం తిట్లు, సగం ప్రశ్నలు. ఈసారి శీర్షిక మొత్తం ఆ కథలోని మంత్రగత్తె బియాట్రిస్‌కే ఇచ్చేస్తున్నాను. ముగింపు చెప్పను. మూడో భాగంలోని ఒక మలుపు మాత్రం రెండో జవాబులో వస్తుంది. వద్దనుకునేవాళ్లు ఆ పేరా దాటేయండి.

ఇది ఆటా, పుస్తకమా? మా అబ్బాయి రాత్రి ఒంటిగంట దాకా ‘ఆడుతున్నా’నంటాడు. వెనక నుంచి చూస్తే చదువుతూ ఉంటాడు.
– ఒక అమ్మ, నిజామాబాద్

చదువుతూనే ఉన్నాడమ్మా. తెర మీద బొమ్మ, వెనక సంగీతం, ముందు వాక్యాలు. క్లిక్ చేస్తే తర్వాతి వాక్యం వస్తుంది. చాలా విజువల్ నావెల్స్‌లో ‘ఇటు వెళ్తావా, అటు వెళ్తావా’ అని మధ్యలో అడుగుతారు. ఇందులో చివరి భాగం దాకా అదీ లేదు. ర్యుకిషి07 అనే కలంపేరుతో రాసే రచయిత, ఆయన చిన్న బృందం కలిసి 2007 ఆగస్టులో మొదటి భాగం, 2010 డిసెంబరులో ఎనిమిదో భాగం తెచ్చారు. టోక్యోలో ఏడాదికి రెండుసార్లు జరిగే కామిక్ మార్కెట్‌లో, అంటే రచయితలు సొంతంగా వేసుకున్నవి తెచ్చి అమ్ముకునే సంతలో, అమ్మేవారు. అంటే భాగానికీ భాగానికీ నడుమ సగటున ఆరు నెలలు. మన వారపత్రిక సీరియల్‌లో వారం ఆగలేక కొట్టుకున్నవాళ్లం, ఆ ఆరు నెలలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి.

రక్తపాతం మాత్రం గట్టిగానే ఉంది. అబ్బాయి ఇంకా స్కూల్లో ఉంటే ఆపేయండి. కాలేజీ అయితే లైటు వేసుకుని చదవమనండి, చాలు. ఒంటిగంట సంగతి నేనేం మాట్లాడను. మా ఇంట్లో మా ఆవిడ మెయిన్ ఆఫ్ చేసిన రోజులున్నాయి.

సార్, బియాట్రిస్‌ని విలన్ అనాలా వద్దా? హాస్టల్‌లో పెద్ద గొడవ. నవ్వుతూ మనుషుల్ని చంపిస్తుంది, అయినా ఆమె కనిపించని సీన్లు బోర్ కొడుతున్నాయి. మాలో ఏదైనా తేడా ఉందా?
– బీటెక్ మూడో ఏడు, కాకినాడ

తేడా మీలో లేదు బాబూ, ఆవిడలోనే ఉంది.

తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. 1986 అక్టోబర్ 4, 5 తేదీలు. రొక్కెన్‌జిమా అనే దీవిలో ఒక డబ్బున్న కుటుంబం ఏటా కలుసుకునే సమయం. ముసలాయన కిన్జో పైన గదిలో తలుపేసుకున్నాడు, పిల్లలు ఆస్తి పంపకాల దగ్గర కత్తులు నూరుతున్నారు. బియాట్రిస్ అనే మంత్రగత్తె ఆ ముసలాయనకి పది టన్నుల బంగారం ఇచ్చిందని ఇంట్లో ఒక పుకారు. తుపాను వచ్చి పడవలు ఆగిపోయాయి. తెల్లారేసరికి చావులు మొదలయ్యాయి.

ఇక విలన్ని ఎలా తెచ్చాడో చూడండి. మొదటి భాగంలో ఆమె చాలాసేపు గోడ మీద పటంగానే ఉంటుంది. తొమ్మిదేళ్ల మరియాని తల్లి కోప్పడి వానలో గులాబీ తోటలో వదిలేస్తుంది. ఆ పిల్ల వాడిపోయిన తన పువ్వు కోసం వెతుకుతూ అక్కడే ఉండిపోతుంది. పెద్దవాళ్లకి గుర్తొచ్చి పరిగెత్తేసరికి పిల్ల గొడుగు కింద ఉంది. ఎవరిచ్చారమ్మా? ‘బియాట్రిస్.’ అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. నేనివ్వలేదంటే నేనివ్వలేదని. భోజనాల దగ్గర ఆ పిల్లే మంత్రగత్తె రాసిన ఉత్తరం తీసి చదువుతుంది. కత్తి లేదు, కేక లేదు. ఒక్క గొడుగు. నాకు మాత్రం చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

తర్వాత ఆమె ఎదురుగా వచ్చి, టీ కప్పు పట్టుకుని, కథానాయకుడు బాట్లర్‌తో పందెం వేస్తుంది. ‘ఇదంతా మంత్రంతో నేనే చేశాను. కాదంటావా? మనుషులే చేశారని నిరూపించు.’ అతను ఓడినప్పుడల్లా అవే రెండు రోజులు, అదే తుపాను, చావులు మాత్రం ఇంకో వరసలో. మామూలు విలన్ మనల్ని ఆలోచించనివ్వడు. ఈమె ఆలోచించమని ప్రాణం తీస్తుంది. బాట్లర్ చేతులెత్తేస్తే అందరికంటే ముందు విసుక్కునేది ఆవిడే. గెలుస్తున్న మనిషి ఎందుకు విసుక్కోవాలి? మీ గొడవంతా ఆ ఒక్క ప్రశ్న మీద పెట్టుకోండి.

మూడో భాగంలో నన్ను కూడా పడేసింది. తప్పు తెలుసుకున్నట్టు, ఇక మంచి మంత్రగత్తెగా ఉంటానన్నట్టు మెత్తబడుతుంది. గాలీ ఎండా పందెం వేసుకుని బాటసారి కోటు విప్పించే కథ చిన్నప్పుడు చదివాం కదా, ఆమె ఆడింది ఎండ ఆట. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను కూడా. పది నిమిషాల తర్వాత ఆ నవ్వు విని సిగ్గేసింది.

కాబట్టి మొదటి నాలుగు భాగాల వరకు విలన్ అనే అనండి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం.

డిటెక్టివ్ కథలో మంత్రగత్తెని పెట్టడమే చీటింగ్. పైగా ‘ఎర్ర అక్షరాల్లో రాసిందంతా నిజం, రుజువు అక్కర్లేదు’ అంటే రచయితకి ఇంకేం కావాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ

మీ కోపం అర్థమైంది. రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు 1929లోనే డిటెక్టివ్ కథలకి పది నియమాలు ప్రకటించాడు. మానవాతీత శక్తులు కుదరవన్నది వాటిలో రెండోది. ఈ రచయితకి ఆ నియమాలు బాగా తెలుసు. అయిదో భాగంలో వాటినే ఆయుధంగా వాడే ఒక పాత్ర వస్తుంది.

ఎర్ర అక్షరాల విషయంలో నాకు మీకు లేని ఒక సౌకర్యం ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో స్టెనోగా చేశాను. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు చివర్లో వకీలు సజెషన్లు వేస్తాడు. ‘ఆ రోజు నువ్వు ఊళ్లోనే లేవు.’ సాక్షి ‘కాదండీ’ అంటాడు. మేం టైపు కొట్టేది: ‘ఆ రోజు నేను ఊరిలో లేననుట నిజము కాదు.’ నాలుగో భాగంలో బాట్లర్‌కి నీలి అక్షరాలు వస్తాయి. అతను నీలంలో ఒక ఊహ విసిరితే ఆమె ఎర్రలో ఖండించాలి. అది చూసి నేను గట్టిగా నవ్వాను. నీలం సజెషన్, ఎరుపు ‘అనుట నిజము కాదు’. ఇన్నేళ్లు నేను కొట్టింది ఇదే కదా!

తేడా అల్లా, మా సాక్షులు అబద్ధం చెప్పొచ్చు. ఆమె ఎర్రలో అబద్ధం చెప్పడానికి వీల్లేదు. అందుకే ఇంకా ప్రమాదం. ఒక నగల కేసు గుర్తొస్తోంది. ‘తలుపుకి గడియ పెట్టి ఉందా?’ ‘పెట్టే ఉందండి.’ ‘ఎవరు పెట్టారు?’ ‘నేనేనండి.’ రెండూ నిజాలే. లోపల నుంచా, బయట నుంచా అని రెండు వైపుల వకీళ్లలో ఒక్కరూ అడగలేదు. నాకు తట్టింది. స్టెనోకి వేళ్లే తప్ప నోరుండదు. ఆ సాక్షి బోనులోంచి దిగుతూ కొంగు సర్దుకున్న తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది.

బియాట్రిస్ ఎర్ర వాక్యాలు కూడా అలా చదవాలండీ. ఏం చెప్పింది అని కాదు, ఏ మాట పక్కనుంచి తప్పుకుని వెళ్లింది అని. మీరు కోడ్ చూసేవాళ్లు, నాకంటే త్వరగా పట్టేస్తారు.

అయిదో భాగంలో వచ్చే డిటెక్టివ్ అమ్మాయి ఎరికాని చూస్తే మంత్రగత్తె మీద కంటే ఎక్కువ ఒళ్లు మండుతోంది. ఆమె నిజం కోసమే కదా వెతుకుతోంది?
– లెక్చరర్, వరంగల్

నాకూ మండింది. గోడకి చెవి ఆనించి రాత్రంతా పక్క గది వినడం, గదులకి టేపులేసి సీలు చేయడం, ఇంట్లో శవాలుండగా విందుకొచ్చినట్టు మురిసిపోవడం. ఆమె చెప్పే నిజంలో చచ్చినవాళ్ల మీద జాలి అన్నది చుక్క ఉండదు. ‘ప్రేమ లేకపోతే కనిపించదు’ అని ఈ కథలో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఎరికా పక్కన పెట్టి చదివితే బాగా అర్థమవుతుంది. అసలు విలన్ ఈమేనని వాదించేవాళ్లున్నారు. నేను అంతదూరం వెళ్లను. బియాట్రిస్ ముందు ఈమె ఎత్తు చాలదు.

2009లో వచ్చిన యానిమే చూస్తే సరిపోతుందా?
– పేరు రాయలేదు

సరిపోదు. ఆ జపాన్ కార్టూన్ సీరియల్ 26 ఎపిసోడ్లలో మొదటి నాలుగు భాగాలే ఉన్నాయి. అంటే ప్రశ్నలు మాత్రమే. ఇంగ్లిష్‌లో చదవాలంటే కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే సైట్‌లో ఆ నాలుగు ప్రశ్నల భాగాలు 2016లో, మిగిలిన నాలుగు జవాబుల భాగాలు 2017లో వచ్చాయి. తెలుగులో లేదు. ఎవరైనా పూనుకుంటే ఎర్ర వాక్యాల అనువాదం నేను చూసి పెడతాను, డబ్బులొద్దు.

నాలుగు భాగాలు అయ్యాయి. బియాట్రిస్ అసలు ఎవరో చెప్పేయండి. తెలిసీ చెప్పకపోతే మీ తల వేయి చెక్కలవుతుంది!
– విక్రమార్కుడి అభిమాని, తెనాలి

అవనీయండి. విక్రమార్కుడు నోరు తెరిచిన ప్రతిసారీ శవం తిరిగి చెట్టెక్కింది. నేను తెరిస్తే మీ చేతిలో మిగిలిన నాలుగు భాగాలూ ఎక్కుతాయి. మన ఊరివాళ్లు కాబట్టి ఒక్కటి చెబుతా. అయిదో భాగం తెరిచే ముందు మొదటి భాగంలో గొడుగు సీన్‌కి వెళ్లండి. నేనివ్వలేదు, నేనివ్వలేదు అని ఎవరెవరన్నారో కాగితం మీద రాసుకోండి. ఏ పేరు మిగిలిపోయిందో చూసి నాకు కార్డు ముక్క రాయండి.