కుక్కకు చెప్పులా అన్న మామయ్యకు జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కుక్కల కాళ్ల గురించే ఉన్నాయి. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను. అనంతపురంలో ఇరవై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతూ, వాటి పుణ్యమా అని పశువుల ఆసుపత్రి బెంచీ మీద గంటలు గంటలు కూర్చున్న మనిషిని. అక్కడ విన్నదీ, ఇంట్లో చేసి చూసిందీ రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది కడప. మా లాబ్రడార్ చిట్టికి మూడేళ్లు. పోయిన ఆదివారం పొద్దున పదిన్నరకు బయటికి తీసుకెళ్లాం. తిరిగొచ్చాక ముందుకాళ్లు ఎత్తెత్తి పెడుతోంది, చూస్తే అరికాళ్ల మీద తోలు తెల్లగా లేచింది. మా మామయ్య మాత్రం "మా ఊర్లో కుక్కలు ఎండలో చేలెంబడి తిరగలేదా, వాటికేమన్నా చెప్పులు కుట్టించినామా?" అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మామయ్య గారి మాటలో సగం నిజముంది చెల్లీ. పల్లెలో కుక్క పిల్లప్పటి నుంచీ మట్టిలో, రాళ్లలో తిరుగుతుంది కాబట్టి దాని అరికాలు గట్టిపడుతుంది. మీ చిట్టి టైల్స్ మీద పెరిగింది, దాని అరికాళ్లు మెత్తన. మిగతా సగం ఆయన మరిచిపోయారు. ఆ చేని కుక్క పదకొండు గంటలకు ఎక్కడుంటుందో గుర్తు చేసుకోమనండి, వేపచెట్టు కింద పడుకుని ఉంటుంది. దాని మెడలో గొలుసు లేదు కదా, కాలు కాలితే నీడకు పోతుంది. చిట్టి గొలుసు మీ చేతిలో ఉంది, మీరు ఎటు నడిస్తే అటు నడవాల్సిందే.

తారురోడ్డు మే నెల ఎండకు గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. బయట 42 డిగ్రీలుంటే తారు 60 దాటినా ఆశ్చర్యం లేదు. తారే కాదు, మీ ఊరి పేరు మోసే కడప బండలు కూడా అంతే. నల్లరాయి కాబట్టి ఎండను బాగా పీల్చుకుంటుంది, పైగా మన ఇళ్లలో వాకిట్లో, మిద్దెపైన అవే పరుస్తాం. చాలామంది రోడ్డు గురించి జాగ్రత్త పడతారు కానీ, మధ్యాహ్నం బట్టలు తీయడానికి మిద్దెక్కినప్పుడు వెనకాలే వచ్చిన కుక్క సంగతి చూసుకోరు. బయటికి వెళ్లే ముందు అరచేతి వెనక వైపు నేలకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి, మీరు ఉంచలేకపోతే దాని కాలూ ఉంచలేదు. పొద్దు కుంకగానే రోడ్డు చల్లారిపోదు, ఏడు గంటలకు కూడా చెయ్యి పెట్టి చూడాల్సిందే. మా ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నర లోపు తిప్పేసి వచ్చేస్తాం, మళ్లీ రాత్రి భోజనాలయ్యాకే.

ఇక ఇప్పటి సంగతి. కాలిన వెంటనే అయితే కుళాయి నీళ్ల కింద పది నిమిషాలు పెట్టాలి. ఐసు రుద్దకండి. పేస్టు, పసుపు, కిరోసిన్ ఏదీ పూయకండి, వాటిలో ఏదీ కాలిన పుండుకు మందు కాదు, పైగా కుక్క అంతా నాకేస్తుంది. లేచిన తోలును పీకొద్దు, అది కింద పచ్చిగా ఉన్న చోటును కాపాడుతోంది. శుభ్రమైన కాటన్ సాక్సు తొడిగి, వదులుగా కట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పిగా ఉంది కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం వేయకండి, మనకు పనిచేసే నొప్పి మాత్రలు కుక్క ప్రాణం మీదికి తెస్తాయి.

ప్రశ్న: నమస్తే మేడం. ఉరవకొండ దగ్గర మా ఊరు, మావన్నీ నల్లరేగడి చేలు. వాన పడిందంటే మా కుక్క కాళ్లు బురద ముద్దలు. రెండు వారాలుగా పడుకున్న చోట ఒకటే నాకుడు, తెల్ల బొచ్చు కాస్తా వేళ్ల దగ్గర ఇటుక రంగుకు తిరిగింది. వాసన కూడా వస్తోంది. నాలుగు కాళ్లూ అంతే.

జవాబు: మన జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, ఆ కాస్త వాన కోసం ఆకాశం వంక చూస్తూ కూర్చుంటాం, పడ్డాక మాత్రం కుక్క కాళ్ల గురించి తిట్టుకుంటాం. మా పాత కుక్క ఒకసారి శనగ చేలో తిరిగొచ్చి అలాగే పడుకుంది. తెల్లారి చూస్తే వేళ్ల సందుల్లో రేగడి ఎండి గోలీల్లా గట్టిపడింది, వెంట్రుకలు ఆ గోలీల్లో ఇరుక్కుని, కాలు మోపినప్పుడల్లా లాగుతున్నాయి. లాగి తీయబోతే కరవబోయింది, తప్పు దానిది కాదు. గోరువెచ్చని నీళ్ల చెంబులో కాలు పెట్టించి, నానేదాకా పదిహేను నిమిషాలు కూర్చున్నాను. అప్పటి నుంచి వానాకాలమంతా వాకిట్లో ఒక బకెట్టు, ఒక పాత తువ్వాలు ఉంటాయి.

కడగడం అందరూ చేస్తారు, తుడవడం దగ్గరే బద్ధకిస్తారు. వేళ్ల సందుల్లో తడి నిలిస్తే ఈస్ట్ లాంటి బూజు పెరుగుతుంది, దురద పుడుతుంది, నాకితే మళ్లీ తడి. ఆ ఇటుక రంగు దాని ఎంగిలిదే, రక్తం కాదు. ఒక్కో వేలినీ విడదీసి, సందులో తువ్వాలు దూర్చి ఒత్తండి. వేళ్ల మధ్య బొచ్చు మరీ పొడుగ్గా ఉంటే అరికాలితో సమంగా కత్తిరించండి.

మీరు నాలుగు కాళ్లూ అని రాయడం మంచిదైంది. ఒక్క కాలే నాకుతుంటే నేను ముందు ముల్లు వెతుకుతాను, పల్లేరుకాయో, సర్కారు తుమ్మ ముల్లు కొసో లోపల విరిగి ఉంటుంది. నాలుగూ నాకుతుంటే బూజో, ఎలర్జీయో అయ్యే అవకాశం ఎక్కువ. రెండు వారాలు దాటింది, వాసన కూడా వస్తోందంటున్నారు కాబట్టి ఇది కడిగితే పోయేది కాదు, డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో మనుషుల తామర మందు అడిగి తెచ్చి పూయొద్దు. వెళ్లే ముందు వేళ్ల సందుల్లో గోమార్లు, అదే పిడుదులు, ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. చెవుల తర్వాత వాటికి ఇష్టమైన చోటు అదే, వాటితో వచ్చే జ్వరం మామూలుది కాదు.

ప్రశ్న: అక్కా, కర్నూలు నుంచి. చలికాలంలో కుక్క అరికాళ్లు పగులుతున్నాయి. యూట్యూబ్‌లో మంచులో వేసే బూట్లు, ఏవో మైనాలు చూపిస్తున్నారు. మా చెల్లి ఆన్‌లైన్లో బూట్లు ఆర్డర్ పెట్టేస్తానంటోంది. కొబ్బరినూనె సరిపోతుందా?

జవాబు: ఆ వీడియోలు మంచు కురిసే దేశాలవి తమ్ముడూ. అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, అది పగుళ్లలోకి దిగి మండుతుంది కాబట్టి వాళ్లకు బూట్లు కావాలి. మనకున్నది పొడిగాలి. రాత్రి పడుకోబోయే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె అరికాలికి రాసి, ఐదు నిమిషాలు తినడానికేదో ఇచ్చి మాటల్లో పెట్టండి, లేకపోతే నాకేస్తుంది. కాస్త నాకినా టెన్షన్ పడొద్దు. ఎక్కువ రాస్తే మాత్రం టైల్స్ మీద జారి పడుతుంది, మా ఇంట్లో ఒకసారి గడప దాకా జారుకుంటూ వెళ్లింది.

బూట్లు పుండుకు కట్టు కట్టినప్పుడు, అదీ కాసేపటికి, పనికొస్తాయి. రోజంతా వేసి ఉంచితే లోపల చెమట పడుతుంది, కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. బూట్లున్నాయి కదా అని మే నెల మధ్యాహ్నం తిప్పాలనుకునేవాళ్లూ ఉన్నారు. కాలు కాలకపోయినా ఒళ్లు కాగిపోతుంది, వడదెబ్బకు బూటు అడ్డం రాదు.

మూడు నాలుగు నెలల పిల్లకు అరికాళ్లతో పాటు ముక్కు కూడా గట్టిపడి పెచ్చులు కట్టి, జ్వరం ఉంటే నూనెతో ఆగొద్దు. అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

భోగి నాడు ఒక మాట. మంట ఆరిందని మనం స్నానాలకు వెళ్తాం, పైన బూడిద, కింద నిప్పు. వెచ్చగా ఉందని కుక్క అక్కడే చేరుతుంది. రెండు బిందెల నీళ్లు పోసి వెళ్లండి.

గోళ్ల గురించి మీరు అడగలేదు కానీ, నేల మీద టకటకమని చప్పుడు వస్తుంటే పెరిగినట్టే, వేళ్లు పక్కకు ఒరిగి నడక మారుతుంది. నల్ల గోళ్లలో లోపలి రక్తనాళం కనిపించదు. నేనొకసారి ధైర్యం చేసి ఎక్కువ కత్తిరించి హాలంతా ఎర్రమచ్చలు చేసుకున్నాను. చిటికెడు మైదా అద్ది, గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టుకుంటే ఆగింది. ఇప్పుడు వారానికొకసారి బియ్యపు గింజంత కంటే ఎక్కువ తీయను, అయినా కత్తెర కనిపిస్తే మా కుక్క మంచం కిందికి దూరుతుంది.