చిట్టి చేతులకు చేతినిండా పని

మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలతో ఇంట్లో ఏం చేయించాలన్న ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఉత్తరాలు వేరైనా చాలావాటి వెనక ఇబ్బంది ఒక్కటే. బిడ్డకు ఓపిక లేదనుకుంటున్నాం కానీ, చాలాసార్లు మనం ముందు పెట్టిన సామానే ఎక్కువై ఉంటుంది. లేదంటే ఒకే పనిలో రెండు మూడు కొత్త కష్టాలు కలిసిపోయి ఉంటాయి.

ప్రశ్న: మూడున్నరేళ్ల మా పాపకు ఆడుకోవడానికి మైదాలో నీళ్లు, రంగు కలిపి ముద్ద చేసిస్తున్నాను. మొదటి రోజు వేళ్లకు అంటుకుపోతోంది, మర్నాటికి పగుళ్లు, మూడో రోజుకు పులిసిన వాసన. కొన్న క్లే అయితేనే మంచిదా? — ఓ తల్లి

జవాబు: కొననక్కర్లేదు. మీ ముద్దలో రెండు లోపాలున్నాయి. ఉప్పు లేదు, పిండి ఉడకలేదు. పచ్చి మైదాకు నీళ్లు తగిలితే జిగురుగా సాగుతుంది, ఆరితే పగులుతుంది. అదే ఉడికితే పిండి నీటిని పీల్చి ఉబ్బి, ఆ తడిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అందుకే మెత్తగా ఉంటుంది, చేతికి అంటదు. త్వరగా పాడవకుండా ఉప్పు కాపాడుతుంది.

ఒక కప్పు మైదా, అర కప్పు మెత్తని ఉప్పు, ఒక కప్పు నీళ్లు తీసుకోండి. కప్పు ఏదైనా ఫర్వాలేదు, మూడింటినీ దాంతోనే కొలవాలి. మామూలు కాఫీ కప్పు అయితే నూనె ఒక టేబుల్‌ స్పూను, నిమ్మరసం ఒక టేబుల్‌ స్పూను సరిపోతాయి. ముందు నీళ్లలో ఉప్పు పూర్తిగా కరిగించండి. కల్లుప్పు వాడితే రవ్వలు మిగిలి ముద్ద గరగరలాడుతుంది. తిండిలో వాడే రంగు కూడా ఈ నీళ్లలోనే కలిపేయాలి. చివర్లో ముద్దలో వేసి పిసికితే చారలు చారలుగా ఉండిపోతుంది, చేతులకు అంటేది ఆ రంగే. తర్వాత నూనె, నిమ్మరసం పోసి, మైదా కొద్దికొద్దిగా చల్లుతూ ఉండలు లేకుండా కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. కాగిన నీళ్లలో పిండి పోస్తే ఉండలు కట్టడం ఖాయం.

సన్నటి సెగ మీద గరిటెతో తిప్పుతూనే ఉండాలి. కాసేపు ఏమీ జరగనట్టే ఉండి, ఉన్నట్టుండి అడుగు నుంచి గడ్డలు లేస్తాయి. చెడిపోయిందని కంగారుపడొద్దు, తిప్పడం ఆపొద్దు. మూడు నాలుగు నిమిషాల్లో గిన్నె అంచులు వదిలేసి అంతా గరిటె చుట్టూ ఒకే ముద్దగా చేరుతుంది, పైన తడి మెరుపు పోతుంది. వేలికి ఇంకా అంటుతుంటే మరో అర నిమిషం ఉంచండి. గోరువెచ్చగా అయ్యాక మీరే రెండు నిమిషాలు మర్దించండి. పైన చల్లారినా లోపల వేడి చాలాసేపు ఉంటుంది. మధ్యకు విరిచి చూశాకే పాప చేతికివ్వండి.

మూత గట్టిగా పట్టే డబ్బాలో కొన్ని వారాలు నిలవుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఉప్పు దాన్ని లాక్కుని ముద్ద జారిపోతుంది. ఒక స్పూను మైదా చల్లి పిసికితే సర్దుకుంటుంది. ఆరిపోతే చేతులు తడి చేసుకుని పిసకండి, నీళ్లు పోయొద్దు. బూజు చుక్క ఒక్కటి కనిపించినా పారేయండి.

ఇక ఆట సంగతి. ముద్దంతా ఒకేసారి ముందు పెడితే రెండు గుద్దులు గుద్ది లేచిపోతారు. నిమ్మకాయంత చాలు. పాములు చేయడం, ఉండలు చుట్టడం, చిన్న చిన్న ముక్కలు గిల్లడం ఇవన్నీ పనే. గిల్లేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేస్తాయి, రేపు పెన్సిల్‌ను పట్టేవి ఆ మూడే. అచ్చులు మొదటి వారం ఇవ్వకండి. అచ్చు ఉంటే నొక్కి తీయడం తప్ప ఇంకేమీ చేయరు. మీరు అందమైన ఏనుగును చేసి చూపించడం కూడా వద్దు. ‘నాకూ చేసిపెట్టు’ అనడంతో పాప పని ఆగిపోతుంది. దానికి బదులు ‘దీనికంటే పొడుగు పామును చేయగలవా?’ అని అడగండి. ఎక్కువ, తక్కువ, పొడుగు, పొట్టి అన్న మాటలు అలా చేతిలోంచే వస్తాయి.

ముద్దలో ఉప్పు బాగా ఎక్కువ. ఒకసారి నాలుకకు తగిలితే ఉమ్మేస్తారు కానీ, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసివాళ్లకు ఇది ఇవ్వకూడదు. ఇంట్లో కుక్క ఉంటే కింద వదిలేయొద్దు, అంత ఉప్పు దానికి ప్రమాదం.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు. ఇరవై దాకా గడగడా అప్పజెబుతాడు. ఐదు స్పూన్లు తెమ్మంటే మాత్రం గుప్పెడు తెచ్చి పోస్తాడు. వినడం లేదా, తెలియడం లేదా? — ఓ తాతయ్య

జవాబు: వింటున్నాడు. ఇంకా తెలియలేదంతే. అంకెలు వరసగా చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. పిల్లలు లెక్కపెట్టడంలో ఏమేం నేర్చుకోవాలో 1978లో రోషెల్‌ గెల్‌మన్‌, గాలిస్టెల్‌ అనే మనస్తత్వవేత్తలు విడదీసి చెప్పారు. మీ మనవడికి అందులో రెండు ముఖ్యం. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలి. చివర చెప్పిన అంకే మొత్తం.

ఏది రాలేదో మీరే కనిపెట్టవచ్చు. నాలుగు బట్టల క్లిప్పులు వరసగా పెట్టి లెక్కపెట్టమనండి. వేలు ఒకచోట, నోరు ఒకచోట పరిగెడుతుంటే మొదటిది రాలేదు. సరిగ్గానే లెక్కపెట్టాడనుకోండి, వెంటనే ‘మొత్తం ఎన్ని?’ అని అడగండి. ‘నాలుగు’ అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే రెండోది రాలేదు.

మొదటిదానికి మందు, వస్తువును కదపడం. చూపుడువేలితో చూపిస్తూ లెక్కపెడితే ఏది అయిందో ఏది కాలేదో పిల్లలకు గుర్తుండదు. కాగితం మధ్యలో గీత గీసి, ఒక్కో క్లిప్పునూ అటువైపుకు జరుపుతూ అంకె చెప్పించండి. ఖాళీ గుడ్ల ట్రే ఉంటే ఒక్కో గుంటలో ఒక్కో క్లిప్పు వేయించినా అంతే.

రెండోదానికి ఐదుతో మొదలుపెట్టకండి. ‘రెండు తే’ అన్నది వరసగా కొన్ని రోజులు తప్పు లేకుండా చేశాక మూడు, ఆ తర్వాత నాలుగు. ఎక్కువ తెస్తే ‘తప్పు’ అనకుండా ఇద్దరూ కలిసి జరుపుతూ లెక్కపెట్టి, ‘ఒకటి, రెండు, మూడు. మూడున్నాయి. మనకు రెండే కావాలి, ఏం చేద్దాం?’ అనండి. తీసేయాలన్న ఆలోచన వాడికే రానివ్వండి.

దీని తర్వాత మెట్టు పది గళ్ల ఆట. పొడుగాటి అట్టముక్క మీద ఎడమ నుంచి కుడికి ఒకే వరసలో పది గళ్లు గీసి 1 నుంచి 10 రాయండి. పాచిక అక్కర్లేదు, ఒక నాణేనికి ఒకవైపు 1, ఇంకోవైపు 2 అని కాగితం అంటించండి. పాచికలో ఐదు, ఆరు పడితే ఈ వయసుకు లెక్క తప్పుతుంది. అసలు కీలకం ఒకటుంది. మూడో గడిలో ఉన్నప్పుడు 2 పడితే ‘ఒకటి, రెండు’ అని కాదు, ‘నాలుగు, ఐదు’ అని గడిలోని అంకె చదువుతూ జరపాలి. అంకె ఆకారం, పేరు, వరసలో దాని చోటు మూడూ ఒకేసారి పట్టుబడతాయి.

ప్రశ్న: ఏ ఆట ఇచ్చినా పది నిమిషాల్లో విసుగొచ్చేసి ఫోన్‌ కావాలంటాడు మా మూడేళ్ల వాడు. — ఓ తండ్రి

జవాబు: మూడేళ్లకు ఒకచోట కూర్చుని పది నిమిషాలు చేయడం తక్కువేమీ కాదు. పదో నిమిషంలో మరో కూర్చునే పని ఇవ్వకండి, ఒళ్లు కదిలే పని ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం 3–4 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు శరీరం కదలాలి. అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత ఆట అయి ఉండాలి. కూర్చుని తెర చూసేది గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది.

నేల మీద మూడు మీటర్ల పొడుగున మాస్కింగ్‌ టేప్‌ తిన్నగా అంటించండి. దాని మీద నడక, వెనక్కి నడక, అటూ ఇటూ గెంతడం, చెంచాలో చుట్టిన సాక్సు పెట్టుకుని నడక. ఒక్క టేపుతో వారం గడుస్తుంది, రోజుకొక్క మార్పు చాలు. ప్యాకింగ్‌ టేప్‌ మాత్రం వద్దు, జిగురు నేలకు పట్టేస్తుంది. బొమ్మలన్నీ కనబడేలా పెట్టడం కూడా విసుగుకు కారణమే. నాలుగు సంచుల్లో సర్ది ఒక్కటే బయట ఉంచి, వారానికోసారి మార్చండి.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుకు కత్తెర ఇస్తే కాగితం తెగకుండా బ్లేడ్ల మధ్య మడత పడిపోతోంది. కత్తెర మార్చి చూశాను, అంతే. — ఓ తల్లి

జవాబు: ముందు కాగితం చూడండి. న్యూస్‌పేపర్‌, నోటుబుక్‌ కాగితం మెత్తన, బ్లేడ్ల మధ్యకు జారిపోతాయి. పత్రిక అట్టంత మందం ఉన్న కాగితాన్ని 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసివ్వండి. ఒక్క నొక్కుకు ఒక ముక్క తెగి పడుతుంది. ఆ తెగిన చప్పుడూ, రాలిన ముక్కా చాలు, బాబు ఇంకోటి అడుగుతాడు. ఇది నిలకడగా వచ్చాక రెండు నొక్కులకు తెగే వెడల్పు, ఆ తర్వాత స్కెచ్‌పెన్‌తో మందంగా గీసిన తిన్నటి గీత, చివరికి వంపు. వంపు దగ్గర తిరగాల్సింది కాగితం, కత్తెర కాదు.

బొటనవేలు పైకి, మోచెయ్యి ఒంటికి ఆని ఉండాలి. మోచెయ్యి రెక్కలా లేచిందంటే పట్టు తిరగబడిందని అర్థం. బొటనవేలి గోరు మీద చిన్న స్టిక్కర్‌ అంటించి ‘బొమ్మ నీకు కనిపిస్తూ ఉండాలి’ అంటే పట్టు దానంతటదే సరవుతుంది. మీ బాబుది ఎడమచేతి వాటమా? అయితే బ్లేడ్లు అటునుంచిటు మారిన కత్తెరే కావాలి. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే వేళ్ల ఒత్తిడికి బ్లేడ్లు దూరం జరిగి మీరు చెప్పినట్టే కాగితం మడత పడుతుంది. మొన మొద్దుగా ఉన్న కత్తెరే వాడండి. కూర్చున్నప్పుడే కోయాలన్న నియమం మొదటి రోజే పెట్టండి.

ప్రశ్న: పాపకు మూడేళ్లు నిండాయి. పెన్సిల్‌ను పిడికిలితో పడుతోంది. అక్షరాలు ఎప్పుడు దిద్దించాలి? — ఓ తల్లి

జవాబు: ఈ వయసుకు పిడికిలి పట్టు మామూలే. వేళ్లు పట్టి సరిచేయకండి. క్రేయాన్‌ను 3 సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇవ్వండి, పిడికిలికి చాలని ముక్కను వేళ్ల కొసలతోనే పట్టుకోవాలి. కాగితం గోడకు, పాప కంటి ఎత్తులో అంటిస్తే మణికట్టు కూడా బలపడుతుంది.

చూసి గుండ్రం వేయడం మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, త్రిభుజం ఐదేళ్లకు అటూ ఇటూగా వస్తాయి. మన అక్షరాలు చాలావరకు గుండ్రనివే కాబట్టి గుండ్రం మొదలైన చోటే వచ్చి కలవడం రావాలి ముందు. అది వచ్చాక కూడా అ, ఆ లతోనే మొదలుపెట్టాలని లేదు, ర, ట తేలిక. ట్రేలో సన్న రవ్వ పలచగా, అడుగు రంగు లీలగా కనబడేంత పరిచి వేలితో రాయించండి. మందంగా పోస్తే గీసిన గీత వెంటనే పూడిపోతుంది.

ఈలోగా చెవికి పని చెప్పండి. ‘పులి’, ‘పువ్వు’, ‘బంతి’ మూడింట్లో ఏది వేరేగా మొదలైంది? ‘కుం-దే-లు’కు ఎన్ని చప్పట్లు? దీనికి ఏ సామానూ అక్కర్లేదు, నడుస్తూ ఆడుకోవచ్చు. రాతకన్నా ముందు అక్షరం చెవిలో పడాలి.

ప్రశ్న: నీళ్లతో ఏం నేర్పించవచ్చు? చిన్న వస్తువుల్లో ఏవి ఇవ్వొచ్చు, ఏవి వద్దు? — ఓ ప్రీస్కూల్‌ టీచర్‌

జవాబు: వెడల్పాటి టబ్బులో 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు, ఆరు వస్తువులు చాలు. వేసే ముందు ‘మునుగుతుందా, తేలుతుందా?’ అని ప్రతి పిల్లనూ అడగండి, చెప్పిన తర్వాతే వేయనివ్వండి. ముందు ఊహించకపోతే అది వట్టి నీళ్లాటే. బరువైనవి మునుగుతాయని పిల్లలు అనుకుంటారు. అందుకని చిన్న గులకరాయిని, దానికన్నా బరువైన చెక్కముక్కను పక్కపక్కన వేయించండి. తర్వాత నూనె కలిపి చేసిన, నీళ్లలో కరగని క్లే ఉండను వేయించండి, మునుగుతుంది. అదే ఉండను అంచులున్న పలచటి గిన్నెలా చేస్తే తేలుతుంది. పిండిముద్ద దీనికి పనికిరాదు, కరిగి నీళ్లు పాలలా అయిపోతాయి. ఈ కొద్ది లోతులోనూ పసివాళ్లు మునిగే ప్రమాదం ఉంది. పక్కనుంచి కదలొద్దు, ఆట అవగానే నీళ్లు పారబోయండి.

వస్తువుల విషయంలో, మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పట్టేది గొంతులో అడ్డం పడగలదు. టాయిలెట్‌ పేపర్‌ చుట్టే అట్టగొట్టం దానికన్నా కాస్త వెడల్పు కాబట్టి ఆ గొట్టంలో దూరేదేదీ మూడేళ్లలోపు వాళ్లకు వద్దు. చాలా నీళ్ల సీసాల మూతలూ అందులో దూరతాయి. మూడు దాటినా గింజలను ముక్కులో, చెవిలో పెట్టుకునే అలవాటుంటే వాటి బదులు బట్టల క్లిప్పులు, స్పూన్లు వాడండి.

ఐదు మాత్రం ఈ వయసు వాళ్ల చేతికి అందకూడదు. గాలి ఊదని బుడగలు, పగిలిన బుడగ ముక్కలు, నీళ్లలో ఉబ్బే జెల్‌ పూసలు, చిన్న బలమైన అయస్కాంతాలు, బటన్‌ బ్యాటరీలు. జెల్‌ పూస మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడుతుంది. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల గోడలను మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి. బటన్‌ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేయగలదు. వీటిలో ఏది మింగారని అనుమానం వచ్చినా, బిడ్డ హుషారుగా ఉన్నా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.