క్యారెక్టర్ ఆర్టిస్టుగా బతకొచ్చా? గుండు హనుమంతరావుగారిని తలుచుకుంటూ ఒక జవాబు

నాటకాలంటే ప్రాణం పెట్టే మీ బాబాయిగారు 45 దాటాక ఉద్యోగం మానేసి, సినిమాల్లో, సీరియళ్లలో వేషాలు వేయడానికి హైదరాబాద్ వస్తానంటున్నారని రాశారు. క్యారెక్టర్ ఆర్టిస్టు జీవితం నిజంగా ఎలా ఉంటుంది, దాని మీద బతకొచ్చా అని అడిగారు. నేను చాలాకాలం డైలీ సీరియళ్లకు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. సీన్ పేపర్లు పంచడం, కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పడం, కంటిన్యూటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా రాకుండా వివరాలు) రాసుకోవడం నా పని. కాబట్టి తల్లీ తండ్రీ, మామా బాబాయీ వేషాలు వేసే నటుల్ని బాగా దగ్గర్నుంచి చూశాను.

వయసు గురించి బెంగ వద్దు. గొల్లపూడి మారుతీరావుగారు 1939లో పుట్టారు. నటుడిగా మొదటి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య' 1982లో వచ్చింది. అప్పటికి ఆయన నలభై దాటారు. ఆ తర్వాత వరసపెట్టి వేషాలే. అయితే ఉద్యోగం మానేయడం వేరే సంగతి. కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలు వేసేవారు. 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెర మీదికి వచ్చారు. కానీ ఆయన పేరు ఊరూరా మోగిపోయింది మాత్రం 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్య వేషం తర్వాతే. అంతటి నటుడికే మధ్యలో ఏడేళ్లు పట్టింది. బాబాయిగారికి ఈ ఒక్క లెక్క చెప్పండి చాలు.

నన్నడిగితే, ఈ వృత్తి ఏమిటో తెలియాలంటే గుండు హనుమంతరావుగారి కెరీర్ చూడాలి. విజయవాడ మనిషి. అక్కడ మిఠాయి కొట్టు నడుపుతూ నాటకాలు వేసేవారు. 1987లో జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట'తో సినిమాల్లోకి వచ్చి, 'రాజేంద్రుడు గజేంద్రుడు', 'మాయలోడు' లాంటి వాటితో కలిపి వందల సినిమాలు చేశారు. ఇన్ని సినిమాలు చేసిన మనిషిని జనం ఏ పేరుతో పిలిచేవారు? అంజి. అది సినిమా పాత్ర కాదు. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారాలు వచ్చిన 'అమృతం' సీరియల్లో ఆంజనేయులు పాత్ర. సినిమాల్లో ఆయనకి ఎక్కువగా దొరికింది ఒక సీనో, రెండు సీన్లో. వచ్చి, నవ్వించి, వెళ్లిపోవాలి. ఇల్లు, భార్య, స్నేహితుడు, అప్పులు, భయాలు, ఆశలు అన్నీ ఉన్న పూర్తి మనిషిని ఆయనకి ఇచ్చింది చిన్న తెరే. ఆ అవకాశాన్ని ఆయన ఎలా వాడుకున్నారో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సీరియల్లో హీరో అమృతరావు పాత్రని ముందు శివాజీరాజాగారు, తర్వాత నరేష్‌గారు, ఆపైన హర్షవర్ధన్‌గారు వేశారు. ముగ్గురు మారినా కథ ఆగలేదు, చూసేవాళ్లకి కొరత అనిపించలేదు. ఎందుకంటే పక్కన అంజి అలాగే ఉన్నాడు. కొత్తగా వచ్చిన అమృతరావుని అంజి అదే చనువుతో పిలుస్తుంటే, అవే పిచ్చి ఐడియాలు నమ్మి వెనకే నడుస్తుంటే, అదే బిక్కమొహం పెట్టి చూస్తుంటే, ఇతనే మన అమృతం అని మనమూ ఒప్పుకున్నాం. ఎదుటి పాత్రని జనం చేత నమ్మించడమే క్యారెక్టర్ ఆర్టిస్టు అసలు పని. వీలుంటే ఆ ఎపిసోడ్లు మళ్లీ చూడండి. ఈసారి మాట్లాడుతున్నవాళ్లని వదిలేసి, ఆయన వింటున్నప్పటి మొహం ఒక్కటే చూడండి. డైలాగ్ లేనప్పుడు కూడా ఆయన ఖాళీగా ఉండరు. ప్రభుత్వం ఇచ్చే టీవీ నంది అవార్డులు మూడుసార్లు ఆయనకి రావడంలో నాకు ఆశ్చర్యం ఏమీ లేదు.

వినడం ఎంత కష్టమో నాకు సెట్లో అర్థమైంది. సీరియళ్లలో హీరోయిన్లు చాలామంది కన్నడ అమ్మాయిలు. తెలుగు డైలాగ్ మేం వెనక నుంచి గట్టిగా అరిచి చెబుతుంటే, వాళ్లు ముక్క ముక్కగా పలుకుతారు. గొంతు తర్వాత డబ్బింగ్‌లో మారుతుంది. అంటే కూతురు ఏడుస్తూ గుండెకోత చెప్పుకునే సీన్లో, తండ్రి వేషం వేసిన నటుడికి వినిపించేది ముందు నా అరుపు, తర్వాత తడబడే మాట. ఆ గోల మధ్యలోంచి ఆయన కళ్లలో నీళ్లు రావాలి, అదీ క్లోజ్ షాట్‌లో. మా సీరియల్లో తాతయ్య వేషం వేసిన ఒక పెద్దాయన ఉండేవారు, పరిషత్ నాటకాల (నాటక పోటీల) నుంచి వచ్చినవారు. సీన్ పేపర్ ఇవ్వగానే ముందు తన డైలాగులు వెతుక్కునేవారు కాదు. "అమ్మా, దీనికి ముందు సీన్లో నేను అన్నం తిన్నానా?" అని నన్ను అడిగేవారు. కథలో ఎక్కడా భోజనం సీనే ఉండదు. అయినా తిన్నవాడి కోపం వేరు, తిననివాడి కోపం వేరు అనేవారు. తినలేదని చెబితే, డైలాగ్ మధ్యలో ఓసారి కుర్చీ చెయ్యి పట్టుకుని ఆగేవారు. అది పేపర్లో లేదు. డైరెక్టర్ చెప్పలేదు. ఎడిటింగ్‌లో మాత్రం ఆ షాట్ ఎవరూ తీసేవారు కాదు.

ఇక డబ్బు. క్యారెక్టర్ ఆర్టిస్టులకి మామూలుగా రోజు లెక్కన పేమెంట్. పొద్దున తొమ్మిదింటికి కాల్‌షీట్, రాత్రి తొమ్మిదింటికి ప్యాకప్. పన్నెండు గంటల్లో నాలుగు సీన్లే ఉన్నా రోజంతా మేకప్ వేసుకుని కూర్చోవాలి. నెలలో ఒక షెడ్యూల్, అంటే వరసగా కొన్ని రోజుల షూటింగ్, ఉంటుంది. రెండు సీరియళ్ల డేట్లు గొడవపడితే ఒకటి పోతుంది. కథలో మీ పాత్ర ఉన్నట్టుండి తీర్థయాత్రకి వెళ్లిపోయిందంటే, ఆ నెల ఇంటి అద్దెకి తడుముకోవాలి. పేమెంట్ కూడా షూటింగ్ అయిన మర్నాడే రాదు. నేను పనిచేసిన ఒక నిర్మాణ సంస్థలో నెలల తరబడి బాకీ ఉండేది. పెద్దవయసు నటులు ఆఫీసు వరండాలో చెక్కు కోసం కూర్చుని ఉంటే, లోపలికీ బయటికీ తిరుగుతున్న నేను వాళ్ల మొహం చూడలేకపోయేదాన్ని. తెర మీద ఆస్తులు పంచే జమీందారు వేషం వేసినాయన అక్కడ కూర్చుని ఉండేవారు.

ఆరోగ్యం సంగతి ఇంకా ముఖ్యం. గుండు హనుమంతరావుగారు చివర్లో కిడ్నీ జబ్బుతో బాగా బాధపడ్డారు. చిరంజీవిగారు వైద్యానికి సాయం చేశారు. 2018 ఫిబ్రవరి 19న, 61 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. 2020లో 'అమృతం' కొత్తగా మళ్లీ తీసినప్పుడు అంజి వేషం ఎల్బీ శ్రీరామ్‌గారు వేశారు. ఆయనా గొప్ప నటుడే. అంతమందిని నవ్వించిన హనుమంతరావుగారి లాంటి మనిషికి కూడా, ఒంట్లో ఓపిక తగ్గి డేట్లు ఇవ్వలేకపోతే రాబడి ఆగిపోతుంది. ఈ వృత్తిలో జీతంతో కూడిన సెలవు లేదు. సినిమా నటుల సంఘం 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్)లో సభ్యత్వం ఉంటే బీమా, కష్టంలో ఉన్న సీనియర్లకి పెన్షన్ లాంటివి ఉన్నాయి కానీ, సభ్యత్వ రుసుము పెద్దదే, కొత్తగా వచ్చినవాళ్లకి అది భారమే. అందుకే బాబాయిగారు ఏం చేసినా ఆరోగ్య బీమా మాత్రం ముందే, సొంతంగా తీసుకోవాలి.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగం ఇప్పుడే వదలొద్దు. సెలవులు కూడబెట్టుకుని, పరిషత్తు పోటీల్లో ఆడుతూ ఉండమనండి. సీరియల్ డైరెక్టర్లు, రచయితలు చాలామంది ఆ పోటీలకి జడ్జీలుగానో, అతిథులుగానో వస్తారు. మేకప్ లేకుండా మామూలు చొక్కాతో, పంచెతో తీసుకున్న ఫోటోలు, ఒకే టేక్‌లో చేసిన రెండు నిమిషాల వీడియో దగ్గర ఉంచుకోమనండి. హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో వేషం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు ఎదురవుతారు, ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. నిజంగా వేషం ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. మొదటి వేషంలో ఒక్క డైలాగూ లేకపోయినా వెళ్లమనండి, పంచాయితీ సీన్లో వెనక నిలబడి వినే మనిషైనా సరే.

ఆయన ఏ ఊళ్లో ఉంటారు, ఏ నాటకాల్లో ఏ పాత్రలు వేశారు, పద్యం పాడగలరా అన్నది కూడా రాయండి. ఆ చుట్టుపక్కల ఎక్కడెక్కడ పోటీలు జరుగుతాయో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.