పేర్లు అడగని సర్వేకి కూడా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా?

పీజీ ప్రాజెక్టు కోసం తోటి విద్యార్థులకు నిద్ర, పరీక్షల ఒత్తిడి మీద ఆన్‌లైన్ ఫారం పంపాలనుకుంటున్నారు. పేర్లు అడగట్లేదు కాబట్టి ఎథిక్స్ కమిటీ (మనుషులతో చేసే పరిశోధన వల్ల వాళ్లకు హాని జరగకుండా ముందే పరిశీలించే కమిటీ) దాకా వెళ్ళక్కర్లేదు కదా అంటున్నారు. వెళ్ళాలండి, అదీ ఫారం పంపకముందే.

నేనూ మీలాగే అనుకున్నాను. మందులివ్వట్లేదు, రక్తం తీయట్లేదు, నాలుగు ప్రశ్నలేగా అని 62 మంది దగ్గర జవాబులు తీసుకున్నాను. ఒకరోజు మా గైడ్ నా ఎక్సెల్ షీటు తెరవమన్నారు. పేర్లు లేవు. వయసు, ఆడా మగా, ఏ విభాగం, ఏ సంవత్సరం, అంతే. ఆవిడ ఒక వరుస మీద వేలు పెట్టి "ఈమె ఎవరో నీకు తెలుసా?" అన్నారు. తెలుసు. ఆ విభాగంలో, ఆ సంవత్సరంలో 38 ఏళ్ల స్త్రీ ఒక్కరే. చావాలనిపిస్తుందా అన్న ప్రశ్నకి ఆమె జవాబు "అప్పుడప్పుడు".

"ఇప్పుడేం చేస్తావు?" అన్నారు గైడ్. నా నోట మాట రాలేదు. వెళ్లి పలకరిస్తే, ఎవరు రాశారో తెలియదని ఇచ్చిన మాట తప్పినట్టే. ఊరుకుంటే? చివరికి కమిటీ వాళ్లే దారి చూపారు. ఏ ఒక్కరినీ వేరు చేయకుండా 62 మందికీ కౌన్సెలర్ నంబరుతో ఒకే సందేశం పంపించారు. కానీ జరిగిపోయిన సర్వేకి అనుమతి ఇవ్వలేదు. డేటా మొత్తం చెరిపేశాను. ఒక సెమిస్టర్ పోయింది. అయినా నాకు గుర్తున్నది సెమిస్టర్ కాదు, ఆ వరుస.

సాధారణంగా చూసేవి రెండు. మీరు చేసేది నలుగురికీ వర్తించే కొత్త విషయం తేల్చడానికి పద్ధతిగా చేసే పరిశోధనేనా? బతికున్న మనుషుల నుంచి గానీ, వాళ్లను గుర్తుపట్టగల వివరాల నుంచి గానీ సమాచారం తీసుకుంటున్నారా? రెండింటికీ అవునంటే కమిటీకి చూపించాల్సిందే. అచ్చయిన గణాంకాల పట్టికలతో పని చేస్తే సాధారణంగా అక్కర్లేదు. పేర్లున్న ఆసుపత్రి రికార్డులైతే, ఆ రోగుల్ని మీరు చూడకపోయినా కావాలి.

పెద్దవాళ్లతో పేర్లు లేని సర్వేకి చాలాచోట్ల మినహాయింపు దొరుకుతుంది, నిజమే. అయితే ఆ మినహాయింపు మనకి మనం ఇచ్చుకునేది కాదు, కమిటీ చెప్పాలి. 2014లో ఫేస్‌బుక్‌లో 6,89,003 మందికి కనిపించే పోస్టులను మార్చి, వాళ్ల భావోద్వేగాలు ఎలా మారతాయో చూసిన అధ్యయనం అచ్చయింది. డేటాను ఫేస్‌బుక్ కంపెనీయే సేకరించింది కాబట్టి తమ కమిటీ పరిశీలన అక్కర్లేదని, అందులో పాలుపంచుకున్న పరిశోధకులున్న కార్నెల్ విశ్వవిద్యాలయం అంది. ప్రచురించిన పత్రికే తర్వాత దాని మీద ఆందోళన తెలుపుతూ ప్రకటన వేసింది. జనానికి కోపం వచ్చిందంటే రాదూ మరి! వాళ్లని ఎవరూ అడగలేదు.

పదిమందితో పైలట్ చేసి చూస్తానని కూడా మొదలుపెట్టకండి, అదీ డేటా సేకరణే. ఫారంలో కచ్చితమైన వయసు బదులు 20–25, 26–30 అని పెట్టండి. విభాగం పేరు నిజంగా అవసరమా చూసుకోండి. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చని మొదటి పేజీలోనే చెప్పండి. ఒత్తిడి గురించి అడుగుతున్నారు కాబట్టి, కౌన్సెలింగ్ నంబరు చివర్లోనే కాదు, ఆ ప్రశ్న కిందే పెట్టండి.