పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ క్లాసులో సుస్థిరాభివృద్ధి: ఒక వాగును పట్టుకుని చెప్పి చూడండి

మేడం, బీఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో సుస్థిరాభివృద్ధి యూనిట్ ఈ ఏడాది మీకు వచ్చిందనీ, పిల్లలు ఐక్యరాజ్యసమితి పెట్టిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను వరసగా బట్టీపట్టి పరీక్షలో దించేస్తున్నారనీ, అంతకు మించి గుంటూరులో ఏం చెప్పవచ్చో తోచడం లేదనీ రాశారు. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. నాకు పనికొచ్చిన దారి చెబుతాను.

ముందుగా, దీన్ని పర్యావరణ పాఠంలా మొదలుపెట్టకండి. చెట్లు, ప్లాస్టిక్, భూతాపం గురించి చెప్పడానికి డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ వేరే ఉంది. మన సబ్జెక్టు అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఈ పని ఏ శాఖది? సంతకం ఎవరిది? డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? పక్క శాఖను అడిగారా? రేపు పని చెడితే జవాబు ఎవరు చెప్పాలి? సుస్థిరాభివృద్ధి నిలబడినా కూలినా ఈ ప్రశ్నల దగ్గరే అని నా గట్టి నమ్మకం. అందుకే యూనిట్ మొత్తాన్ని ఒకే ఒక్క వాగు మీద నడుపుతాను. మాకు అది బుడమేరు.

బోర్డు మీద ఒక పొడుగాటి గీత గీస్తాను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వస్తుంది. అక్కణ్నుంచి కొంత నీటిని డైవర్షన్ ఛానల్‌లో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లిస్తారు. అసలు వాగు విజయవాడ నగరం మీదుగా పోయి కొల్లేరు సరస్సులో కలుస్తుంది. కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో మా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. డైవర్షన్ ఛానల్ గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది.

ఆ గీత మీద ఒక్కో చోట చుక్క పెట్టి ‘ఇక్కడ ఎవరిని అడగాలి?’ అంటాను. రెగ్యులేటరు, గట్లు జలవనరుల శాఖవి. వాగు హద్దులు, పోరంబోకు రికార్డులు రెవెన్యూవి. ఊళ్లో డ్రైన్లు కార్పొరేషన్‌వి, లేఅవుట్ అనుమతులు టౌన్ ప్లానింగ్‌వి. రైలు కట్ట కింద తూములు రైల్వేవి. కిందికి పోతే కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, అంటే అటవీ శాఖ. 2002లో అది రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అయింది, 2006లో అక్కడ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నీళ్లు మాత్రం ఒకటే. బోర్డు నిండేసరికి పిల్లలే అంటారు, ‘సార్, వాగు మొత్తానికి ఒక్క ఆఫీసు లేదా?’ అని.

సరిగ్గా అప్పుడు పరిపాలన సిద్ధాంతకర్త లూథర్ గులిక్‌ను తీయండి. పోస్డ్‌కార్బ్ అనే పొట్టి పేరుతో ఆయన 1937లో చెప్పిన పరిపాలకుడి ఏడు పనులు పిల్లలు మొదటి సెమిస్టర్ నుంచీ వల్లిస్తూనే ఉంటారు. అందులో సమన్వయం ఎందుకుందో ఈ గీత ముందు కూర్చుంటే గాని తెలియదు. శాఖలను ప్రయోజనం, ప్రక్రియ, వ్యక్తులు, ప్రదేశం అనే నాలుగు ప్రాతిపదికల మీద విడగొట్టవచ్చని ఆయన చెప్పింది కూడా ఇక్కడే బాగా అర్థమవుతుంది. మన శాఖలు ఎక్కువగా ప్రయోజనం మీద విడిపోయాయి. వాగుకేమో ప్రదేశం మీద ఏర్పడిన ఆఫీసు కావాలి. పాత పాఠానికీ కొత్త యూనిట్‌కీ ఇంతకంటే మంచి ముడి నాకు దొరకలేదు.

వరద తర్వాత మా క్లాసులో ఒకమ్మాయి అడిగిన ప్రశ్న మీకు చెప్పి తీరాలి. వాళ్లది వాగుకు దగ్గర్లో చిన్న ఇల్లు. ‘స్థలం రిజిస్టర్ అయింది, ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరు ఇచ్చారు, కుళాయి ఇచ్చారు. ఇన్ని కాగితాలు ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా ఇక్కడికి నీళ్లొస్తాయని ఎందుకు చెప్పలేదు సార్?’ అంది. పీరియడ్ అంతా దాని మీదే నడిచింది. ఒక్కో ఆఫీసు తన రూలు తాను పాటించి తన కాగితం తాను ఇచ్చింది. అన్ని కాగితాలూ కలిపి చూసే బల్ల మాత్రం ఎక్కడా లేదు. ఇంకో అబ్బాయి లేచి, ఆక్రమణలన్నీ తీసెయ్యాల్సిందే అన్నాడు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. అప్పుడు సుస్థిరాభివృద్ధికి 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదిక (ఐరాస వేసిన కమిషన్‌ది) ఇచ్చిన నిర్వచనం చదివించాను. భావితరాల అవసరాల మాట అందరికీ గుర్తుంటుంది. అదే చోట పేదల కనీస అవసరాలకు అన్నిటికంటే పెద్ద పీట వెయ్యాలని కూడా ఉంది, దాన్ని గైడ్లలో తరచూ వదిలేస్తారు. ఆ వాదనకు తీర్పు నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి. వాళ్లు రేపు అధికారి కుర్చీలో కూర్చుంటే అదే వాదన ఎదురవుతుంది.

పల్లెల నుంచి వచ్చే పిల్లలకు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక బాగా పట్టుబడుతుంది. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎవరి ఊరి ప్రణాళిక వాళ్లు ఫోన్లోనే చూసుకోవచ్చు. పంచాయతీల గురించిన 73వ రాజ్యాంగ సవరణ, 11వ షెడ్యూల్‌లోని 29 అంశాలు కంఠతా వచ్చినవాళ్లకు కూడా తమ ఊరి పేరు కింద పనులూ అంచనాలూ కనపడగానే ముఖం మారిపోతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పల్లెలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసిందని చెప్పి, మీ ఊళ్లో అలాగే కనపడుతోందా చూడండి అంటాను. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 17 లక్ష్యాలను 9 ఇతివృత్తాలుగా కుదించింది. ఏ పని ఏ ఇతివృత్తం కిందికి వస్తుందో కూడా వాళ్లనే రాయమంటాను. ఒకబ్బాయి తన ఊరి ప్రణాళికలో సైడు కాలువ చూసి, దాని కొస ఎక్కడో రాయలేదేమని పంచాయతీ కార్యదర్శిని అడిగాడు. ఊరి చెరువులోకి అని సమాధానం వచ్చింది. పారిశుధ్యం లెక్కలో మంచి పనే. చెరువు లెక్కలో మురుగు. రెండు లక్ష్యాలు ఒకదానికొకటి అడ్డుపడటం అంటే ఏమిటో ఆ కుర్రాడు క్లాసుకు చెప్పినంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు.

చట్టం భాగానికి రెండు పీరియడ్లు చాలు. రాజ్యాంగంలో పర్యావరణ రక్షణను రాజ్యానికి అప్పగించే 48-ఎ, పౌరులకు అప్పగించే 51-ఎ(జి), 1996 నాటి వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసు తీర్పు చెప్పండి. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది అందులోనే. 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు, 2015 నాటి ఐరాస తీర్మానం ఒక పీరియడ్‌లో అయిపోతాయి. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఈ అంకెలు అడుగుతారేమోనన్న టెన్షన్ ఉంటుంది కాబట్టి పూర్తిగా వదలకండి. ఈ లక్ష్యాల మీద నీతి ఆయోగ్ 2018 నుంచి ఇస్తున్న రాష్ట్రాల సూచీ చూపించేటప్పుడు ర్యాంకు దగ్గర ఆగకుండా, ఆ అంకె కింది నుంచి ఎవరు పంపితే అక్కడికి చేరిందో వెతకమనండి. మన రాష్ట్రంలో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒక పోస్టే పెట్టారు. మీ ముందు కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరు అలాంటి ఉద్యోగంలో చేరవచ్చు.

ఇంటర్నల్ మార్కులకు వ్యాసం అడగకుండా ఆఫీసు నోట్ రాయించండి. రెండు పేజీలు చాలు. సమస్య, రూలు ఏమంటోంది, ఎవరి అభిప్రాయం తీసుకోవాలి, ఉన్న దారులు, ఒక్కోదానికి అయ్యే ఖర్చు, చివర సిఫారసు. కమిషనర్‌కో కలెక్టర్‌కో పెడుతున్నట్టు రాయాలి. గైడ్ చూసి కాపీ కొట్టడానికి కుదరదు. ‘తగిన చర్యలు తీసుకోవాలి’ అని రాస్తే నేను సగం మార్కులు తీసేస్తాను. ఎవరు, ఎప్పటిలోగా, ఏ డబ్బుతో అన్నది ఉండాల్సిందే.

మీకు బుడమేరు దూరం అనుకుంటే గుంటూరు ఛానల్ అనే కాలువను తీసుకోండి. సీతానగరం దగ్గర కృష్ణలోంచి బయల్దేరి మీ వైపు వస్తుంది, సాగుకూ తాగుకూ అదే నీరు. రైతు ముందా, కుళాయి ముందా, దారిలో కలిసే మురుగును ఎవరు ఆపాలి అన్న మూడు ప్రశ్నలతోనే మీ యూనిట్ సగం నడుస్తుంది. గట్టు మీదికి తీసుకెళ్లే ముందు ప్రిన్సిపాల్ గారి లెటర్ ఒకటి సంబంధిత ఇంజనీరు ఆఫీసుకు పంపించండి. వానాకాలంలో మాత్రం పిల్లల్ని ఫీల్డుకు తీసుకెళ్లొద్దు. మా పిల్లలు రాసిన నోట్ నమూనా కావాలంటే చెప్పండి, పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను.